వరుణదేవుల వారికి బహిరంగలేఖ

మహారాజశ్రీ సర్వజలాధిపతి వరుణదేవుల దివ్యసముఖమునకు విశాఖ తీరవాసి యొకడు చేసికొను విన్నపము.

తాము పశ్చిమదిక్పాలకులు, మా సముద్రమో తూర్పున నున్నది. ఈ అర్జీ తమ పరిధిలోనిది కాదని ఇంద్రుల వారి కచేరీకి త్రిప్పి పంపుదురేమో యను శంక లేకపోలేదు. ఐనను కచేరీల చుట్టు తిరుగుట మాకు క్రొత్త కాదు గనుక సాహసించుచున్నాను.

మా రామకృష్ణా బీచిలో 'ఇచట స్నానము అపాయకరము' అని చాటు పలకలు కలవు. ఒడ్డున ప్రదర్శనకు నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూచి వచ్చిన యువకులు ఉప్పుగాలికి త్రుప్పుపట్టిన ఆ పలకకే చొక్కాలు తగిలించి, దాని మొదట చెప్పులు విడిచి, నీట దిగుదురు. మానవులు చదువకున్నారు గనుక అవి తమ తరంగముల నుద్దేశించి వ్రాసినవేమో. అట్లైన దయచేసి వానికి తెలుగు నేర్పింపుడు.

అపాయ మెట్లుండునో మాత్రము ఆ పలకపై లేదు. ఉవ్వెత్తున లేచి విఱుగు అలను జూచి పసివాడును వెనుకకు పరుగెత్తును. దాని ప్రక్కనే అల విఱుగక, నురుగు లేక, కొంచెము నల్లనై, సాధువువలె కనబడు నీటిపాయయే ప్రాణాంతకము. ఒడ్డున కెక్కిన నీరు ఇసుకతిన్నెల నడుమ త్రోవచేసికొని కడలికి మరలు మార్గమది. శాస్త్రజ్ఞులు దానిని రిప్ కరెంట్ అందురు, పౌరాణికులు తమ పాశమే యనవచ్చును. అది మనుజుని అడుగునకు లాగదు, లోనికి గొనిపోవును. దాని కెదురీది నేరుగా ఒడ్డు చేరబోయి, అలసి, గజయీతగాండ్రును మునుగుదురు. తొట్రుపడక తీరమునకు సమాంతరముగ ప్రక్క కీదినవానికి, ఈదలేనిచో వెల్లకిల తేలుచు చేయెత్తి కేకవేసినవానికి, బ్రదుకు మీద ఆశ కలదు.

సముద్రము లేని హైదరాబాదున కూర్చుండి సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ వారు ఉన్నతతరంగముల హెచ్చరికలు పంపుచునే యున్నారు. 2020లో మా ఋషికొండ తీరమునకు, శుభ్రమైన బీచులకిచ్చు బ్లూ ఫ్లాగ్ గుర్తింపును వచ్చినది. కాని ఆ జెండా తీరమున కిచ్చినదే గాని కెరటమున కిచ్చినది కాదు.

ప్రభూ, పాశము నుపసంహరింపుడని అడుగము. గాలియు, అలయు, ఇసుకయు ఉన్నంతకాలము అది తమ వశముగూడ కాదు. పలకలు వ్రాయించు భూలోకాధికారులకు స్వప్నమున సాక్షాత్కరించి, ఏ నీరు అపాయమో, చిక్కినవాడు ఏ వైపున కీదవలెనో బొమ్మగీయించి చూపుమనియు, తాడును ట్యూబును పట్టిన రక్షకుని చీకటిపడువఱకు ఒడ్డున నిలుపుమనియు ఆజ్ఞాపింపుడు. అంతవఱకు ఈ లేఖ చదివినవారైనను నురుగులేని నీటిని నమ్మి దిగకుందురు గాక.

ఇట్లు,
విధేయుడు,
విశాఖ తీరవాసి