ఆదివారం మీటప్: టీకా తాత్పర్య సహితం

మూలం:

"వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు వెబ్ డెవలపర్ల మీటప్. ప్రవేశం ఉచితం. ల్యాప్‌టాప్ తెచ్చుకోవలెను. భోజన సదుపాయం కలదు. సర్టిఫికెట్ ఇవ్వబడును. అందరూ ఆహ్వానితులే."

అవతారిక: చింతలవలస మొదలు ఎచ్చెర్ల దాకా, రాజాం మొదలు టెక్కలి దాకా ఇంజనీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఈ గద్యం ప్రచారంలో ఉంది. కర్త ఎవరో తెలియదు. నెత్తిన 'చాలాసార్లు ఫార్వర్డ్ అయింది' అన్న ముద్ర ఉంది కాబట్టి ప్రాచీనమే. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ ప్రకటనలో చెప్పినదానికన్నా చెప్పనిదే ఎక్కువ కనుక మాకు ఆ ప్రతిజ్ఞ గిట్టుబాటు కాదు.

ప్రతిపదార్థం:

వచ్చే ఆదివారం = కాలేజీ ల్యాబు ఖాళీగా ఉండి, ప్రిన్సిపాల్ గారు లెటరు మీద సంతకం పెట్టిన ఆదివారం; 10 గంటలకు = పదకొండుంపావుకు. ఇక్కడ వాచ్యార్థం పొసగదు, లక్ష్యార్థమే గతి. పాలకొండ బస్సు రావాలి, పలాస ప్యాసింజరు రావాలి. విశాఖ నుంచి వచ్చే స్పీకరు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, ఊరేదని నాలుగు దిక్కులా చూసి, తాను దిగింది ఆమదాలవలసలోనని తెలుసుకుని ఆటో ఎక్కాలి. వెబ్ డెవలపర్ల = కాబోయే వెబ్ డెవలపర్ల. అయిపోయినవారు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. ల్యాప్‌టాప్ = చార్జరుతో సహా; చార్జరు అన్నది మూలంలో లేదు, తెచ్చి కలుపుకోవాలి. ఒక ప్లగ్గుకు నలుగురు. కలదు = పులిహోర, పెరుగన్నం. 'స్నాక్స్ కలవు' అని పాఠాంతరం. ఆ పాఠం వచ్చిన ఆదివారం మధ్యాహ్నానికి హాలు సగం ఖాళీ. ఇవ్వబడును = ఇస్తారు. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. ఆయన జిల్లాలోనే, పంతొమ్మిదేళ్ల కుర్రాడు, 'బ్రో' తప్ప మరో సంబోధన ఎరగనివాడు, ప్రకటన రాయడానికి కూచుంటే మాత్రం 'వలెను', 'బడును' అంటాడు. ఇది విచారణీయం.

'ఉచితం' విచారణ:

పూర్వపక్షం ఇది. ఉచితమైనదానికి విలువ ఉండదు. పేరిచ్చినవారిలో సగం మంది రారు. కనుక యాభై రూపాయలైనా పెట్టాలి. పెట్టి చూశారు. రాని సగానికి బదులు వచ్చే సగం మానేశారు. నరసన్నపేట నుంచి వచ్చే కుర్రాడికి రానుపోను చార్జీలే ఆ వారం జేబు ఖర్చు.

సిద్ధాంతం: ఈ విద్య పుట్టుకే అటువంటిది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఊహించిన వెబ్‌ను ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ఆయన పనిచేసిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న రాసిచ్చింది. ఆ కాగితం లేకపోతే మన ప్రకటన లేదు. అయితే ఉచితమన్నంత మాత్రాన ఖర్చు లేదని కాదు, ఎవరో పెట్టుకున్నారని. హాలూ కరెంటూ కాలేజీవి. పులిహోర, నిరుడు ఉద్యోగం వచ్చిన సీనియర్ ఫోన్‌పే చేసింది. స్పీకరు టిక్కెట్టు స్పీకరుదే. నెట్ ఎవరిదన్నది గూఢార్థం.

కాలేజీ వైఫై పాస్‌వర్డ్ తెలిసినాయన ఆదివారం సెలవు. అందుచేత ముందు వరసలో ఒకడు హాట్‌స్పాట్ తెరుస్తాడు. స్పీకరు "అందరూ ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టండి" అంటాడు. ఒక్క మాటకు వేల చిన్నచిన్న ఫైళ్లు దిగాలి. నలభై ల్యాప్‌టాప్‌లు ఒక్క ఫోను మీద పడతాయి. హాట్‌స్పాట్ దాత ఆ రోజు డేటా పావుగంటలో హరీమంటుంది. అనుభవమున్న నిర్వాహకుడు కావలసినవన్నీ శనివారం రాత్రే పెన్‌డ్రైవులో వేసుకుని జేబులో పెట్టుకొస్తాడు. అతణ్ణి ఎవరూ స్టేజీ మీదకి పిలవరు.

ఉదాహరణం: చీపురుపల్లి వైపు కుర్రాడొకడు మధ్యాహ్నానికల్లా తన మొదటి పేజీ తయారుచేసి లింకు గ్రూపులో పెట్టాడు: లోకల్‌హోస్ట్:3000. "తెరుసుకోలేదురా" అని అందరూ. వాడు ల్యాప్‌టాప్ తిప్పి చూపించి, "నాకొస్తంది గదేటి!" అన్నాడు. లోకల్‌హోస్ట్ అనగా 127.0.0.1; 'నేను' అన్న మాటలాగే, ఎవరి యంత్రంలో పలికితే ఆ యంత్రాన్నే చెబుతుంది. నవ్విన సీనియర్లంతా ఒకప్పుడు ఆ లింకు పంపినవాళ్లే. ఒకమ్మాయి మాత్రం నవ్వకుండా పక్కన కూచుని, పేజీని లోకమంతా చూసేలా గిట్‌హబ్ పేజెస్‌లోకి ఎక్కించడం చూపింది. అదీ ఉచితమే. కాసేపటికి పలాసలో ఉన్న వాడి అక్క ఫోన్లో పేజీ తెరుచుకుంది. "బాగుంది గానీ అచ్చరాలు బక్కగా ఉన్నాయిరా" అని ఆవిడ తీర్పు.

దానికీ మందుంది. సిలికానాంధ్ర సంస్థ చేయించిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు. వాటిలో ఒకదాని పేరు గురజాడ, ఇంకొకదాని పేరు గిడుగు. విజయనగరం ఆయన, శ్రీకాకుళం ఆయన, రెండు వరసల కోడ్ దూరంలో ఉన్నారు. కుర్రాడు గురజాడనే ఎంచుకున్నాడు. కారణం అడిగితే, "సివరాకరికి అది కనపడ్డాది" అన్నాడు.

సర్టిఫికెట్ = ప్లేస్‌మెంట్ ఫైలులో పెట్టుకునే రంగు కాగితం. దీన్ని చులకన చేయడం పెద్దల అలవాటు, మేము చేయము. బహుమానం యావ ముదిరితే ఏమవుతుందో మాత్రం చెప్పాలి. హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని డిజిటల్ ఓషన్ కంపెనీ 2014 నుంచి ప్రతి అక్టోబరులో జరుపుతున్న పండగ. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు, అంటే ఇతరుల ప్రాజెక్టుల్లో మార్పు చేర్చమని పంపే వినతులకు, ఒక టీషర్టు అన్నారు. ముక్కూ మొహం తెలియని ప్రాజెక్టుల్లోకి దూరి, రీడ్‌మీలో ఒక మెచ్చుకోలు మాట చేర్చి పంపినవారు వరదలా వచ్చిపడ్డారు. నాలుగు రోజులు తిరక్కుండానే, సరేనన్న ప్రాజెక్టులకే లెక్క అని రూలు మార్చారు. 2023లో టీషర్టులే ఇవ్వలేదు. మా వాళ్ల సర్టిఫికెట్‌కు అంత తంటా లేదు. పేర్లో అక్షరదోషం ఉంటేనే గొడవ.

అందరూ = అందరూ అని అర్థం కాదు. నాలుగున్నర దాటితే హాస్టల్ అమ్మాయిలు ఉండలేరు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు చీకటి పడకముందే బస్సు దొరకాలి. కానీ అసలు సంగతులు, ఇంటర్న్‌షిప్ ఎక్కడుంది, జీతం ఎంతడగాలి అన్నవి, ఐదు తర్వాత టీకొట్టు దగ్గర మాట్లాడుకుంటారు. ఆ టీకొట్టు ముచ్చట్లను మధ్యాహ్నం మూడింటికి, హాల్లోకి మార్చాలని మా అభిప్రాయం. మూలకర్త ఒప్పుకోకపోవచ్చు.

శేషం: ఇంత చేసీ మూలంలో స్థలం చెప్పలేదు. ఎంవీజీఆర్ కాలేజీ అని కొందరు, జీఎంఆర్ఐటీ అని కొందరు, కాదు ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ అని కొందరు వ్యాఖ్యాతలు. "ఎక్కడెట్టారేటి బావా, సెప్పవేటి?" అని గ్రూపులో అరవై మెసేజీలు. నిర్వాహకుల్లో మూడేళ్లు నిలిచినవాడు లేడు. పని వచ్చేసరికి ఉద్యోగం వస్తుంది, ఉద్యోగం వస్తే బెంగళూరు రైలెక్కుతాడు, అడ్మిన్ హక్కులు మాత్రం వెంట తీసుకుపోతాడు. శనివారం రాత్రి పదకొండుకు అతగాడు మేలుకుని, సారీ బ్రో అంటూ లొకేషన్ పంపాడు. నొక్కిచూస్తే మారతహళ్లిలో ఒక పీజీ హాస్టల్.