బుచ్చిబాబు గారి ఆబ్దికం

జనవరిలో రెండో శనివారం వచ్చిందంటే మద్రాసులో ఒక వర్గం జనం రాత్రి ఒంటిగంట దాకా పడుకోరు. ఒంటిమీద ఆర్సెనల్ చొక్కా, ఒళ్ళో మురుకుల డబ్బా, ఎదురుగా టీవీలో ఇంగ్లండు ఫుట్‌బాల్ ఎఫ్.ఎ. కప్పు మూడో రౌండు. అరగంట చూసి ఒక నిట్టూర్పు: "కప్పులో పాత మ్యాజిక్ లేదు మచ్చా!" పెద్ద క్లబ్బులు రిజర్వు కుర్రాళ్ళని దింపుతున్నాయట. 2024-25 సీజను నుంచి ప్రధాన రౌండ్లలో, డ్రా అయితే మళ్ళీ ఆడే రీప్లేలు ఎత్తేశారట. 1871లో పుట్టిన పోటీకి ఓ విమానాల కంపెనీ పేరు తగిలించారట. వీళ్ళ బాధ వింటుంటే వీళ్ళ ముత్తాత హెరెఫర్డ్ మైదానం గేటు దగ్గర టికెట్లు చింపేవాడేమో అనిపిస్తుంది.

ఇలా బాధపడే కుర్రాళ్ళలో కొందరు వేళచ్చేరి వాస్తవ్యులు. గురునానక్ కాలేజీ మైదానం వాళ్ళ ఇళ్ళకి ఆటో మాట్లాడక్కర్లేనంత దగ్గర. 2025 ఆగస్టులో అక్కడ బుచ్చిబాబు క్రికెట్ టోర్నీ జరిగింది. పృథ్వీ షా మహారాష్ట్రకు మారి సెంచరీ కొట్టిందీ అక్కడే. ఆ సంగతి కుర్రాళ్ళకి తెలీదు. వాళ్ళననడానికి లేదు, ఈ టోర్నీ ఎందుకు పుట్టిందో నడిపేవాళ్ళకి గుర్తున్న దాఖలాలు నాకైతే కనబడలేదు.

తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. బుచ్చిబాబు అనగానే మనకు గుర్తొచ్చేది 'చివరకు మిగిలేది' రాసినాయన. ఈయన ఆయన కాదు. ఈ టోర్నీలో చివరకు మిగిలేది మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం మాత్రమే. ఈయన మోతవరపు వెంకట మహీపతి నాయుడు, 1868లో పుట్టిన మద్రాసు తెలుగాయన. ప్యారీ కంపెనీకి దుబాసీలుగా చేసి గడించిన ఇల్లు, మైలాపూర్ లజ్‌లో బంగళా. డబ్బుకి లోటు లేదు. లేనిదల్లా చేపాక్ పెవిలియన్లో కూర్చునే అర్హత. అది తెల్లవాళ్ళ మద్రాసు క్రికెట్ క్లబ్బు సొంతం. మ్యాచ్ మధ్యలో భోజనాల వేళ దొరలు పెవిలియన్లోకి నడిస్తే, మనవాళ్ళకి చెట్టు నీడ. ఈ అవమానం కడుపులో పెట్టుకునే 1888లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఆయన మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడని చెబుతారు. కుర్రాళ్ళని పోగుచేశాడు, బ్యాట్లూ బూట్లూ తన డబ్బుతో సమకూర్చాడు, ఆట నేర్పించాడు. ఇరవై ఏళ్ళు అలా చేశాక దొరల క్లబ్బు ఈ క్లబ్బుతో ఆడటానికి ఒప్పుకుంది. 1908 డిసెంబరులో మ్యాచ్. దానికి కొద్దిరోజుల ముందే ఆయన పోయాడు. మ్యాచ్ ఆపలేదు, ఆయన జ్ఞాపకార్థం ఆడారు. అదే తర్వాత సంక్రాంతి రోజుల్లో చేపాక్‌లో జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్ అయింది: ఇటు ఇండియన్లు, అటు యూరోపియన్లు.

కప్పులో మ్యాజిక్ ఎక్కడుంటుందని అడిగేవాళ్ళకి నా జవాబు ఇక్కడే ఉంది. ఆ మ్యాచ్‌లో ఓడితే పరువు పోయేది. గెలిస్తే ఒకడికి కడుపు నిండేది, ఇంకొకడికి మాడేది. మ్యాజిక్ అంటే అంతే. ట్రోఫీకి వెండి పూత ఎంత, పోటీ ఎంత పాతది, ప్రారంభోత్సవానికి ఎవరొచ్చారు అనేవి దాన్ని పుట్టించలేవు.

ఇప్పుడు ఆయన పేరు మీద ఏటా ఆగస్టులో జరిగే టోర్నీ చూడండి. ప్రకటన వస్తుంది: "ఘన చరిత్ర గల, ప్రతిష్ఠాత్మక బుచ్చిబాబు ఆహ్వాన టోర్నమెంటు". మన పత్రికల్లో ప్రతిష్ఠాత్మకం అనే మాట పడిందంటే దాన్ని చూడ్డానికి ఎవరూ వెళ్ళడం లేదని అర్థం. మధ్యలో కొన్నేళ్ళు అసలు జరపడమే మానేసి, 2023లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మానేసిన ఏళ్ళలో ప్రతిష్ఠ ఎక్కడ బస చేసిందో ప్రకటనలో ఉండదు. 2024లో ఈ మద్రాసు టోర్నీ కోయంబత్తూరు, సేలం, తిరునెల్వేలి, దిండిగల్ దగ్గర నత్తం చుట్టి వచ్చింది, మద్రాసులో మాత్రం ఆడలేదు. ఇది స్మారక టోర్నీ కదా, ఆబ్దికం పద్ధతిలోనే నడుపుతున్నారు: పేరూ గోత్రమూ గట్టిగా చెప్పాలి, మంత్రం గబగబా అయిపోవాలి, కర్త కన్ను మాత్రం గడియారం మీద ఉండాలి.

2024 ఆబ్దికానికి భోక్తలుగా వచ్చిన పెద్దలెవరో చూడండి. ఇషాన్ కిషన్, శ్రేయస్ అయ్యర్, సూర్యకుమార్ యాదవ్. మొదటి ఇద్దరి పేర్లూ ఆ ఏడాది ఫిబ్రవరిలో క్రికెట్ బోర్డు కాంట్రాక్టుల జాబితాలో లేవు. దేశవాళీ ఆడనందుకేనని ఊరంతా అనుకుంది. దాంతో దేశవాళీ క్రికెట్ మీద ప్రేమ ఒక్కసారిగా పొంగింది. తిరునెల్వేలిలో మధ్యప్రదేశ్ మీద ఇషాన్ 107 బంతుల్లో 114 కొట్టాడు, పది సిక్సర్లు, జార్ఖండ్ రెండు వికెట్ల తేడాతో గెలిచింది. మంచి ఆటే, కాదనను. కానీ మర్నాడు పత్రికలు ఎవరు గెలిచారని రాయలేదు, ఇషాన్ మళ్ళీ టీమిండియాలోకి వస్తాడా అని రాశాయి. టోర్నీ కాస్తా కండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చే కౌంటర్ అయిపోయింది.

అసలు ముచ్చట కోయంబత్తూరులో జరిగింది. ముంబై అంటే రంజీ ట్రోఫీని నలభైసార్లకు పైగా ఇంటికి పట్టుకెళ్ళిన జట్టు. సర్ఫరాజ్ ఖాన్ కెప్టెన్, శ్రేయస్, సూర్యకుమార్ జట్టులో. వాళ్ళని తమిళనాడు క్రికెట్ సంఘం జట్టు ఒకటి 286 పరుగుల తేడాతో ఓడించింది. మొదటి ఇన్నింగ్స్‌లో ముంబై 156కే ముడుచుకుంది. ఇదే ఇంగ్లండులో ఫుట్‌బాల్ కప్పులో జరిగి ఉంటే యాభై ఏళ్ళు పాటలు కట్టుకునేవాళ్ళు. 1972లో న్యూకాజిల్‌ని హెరెఫర్డ్ అనే చిన్న క్లబ్బు ఓడించిన బురద మ్యాచ్ గోలు ఇప్పటికీ ప్రతి జనవరిలో చూపిస్తారు. (సాయి కిశోర్ లాంటి వాళ్ళున్న తమిళనాడు జట్టుని హెరెఫర్డ్‌తో పోల్చడం కొంచెం ఎక్కువే. అయినా చూసేవాడికి ఆనందం ఆనందమే.) మన దగ్గర ఆ మ్యాచ్ నుంచి మిగిలిన వార్తలు రెండు. ఒకటి, సూర్యకుమార్ చేతికి దెబ్బ తగిలింది. రెండు, శ్రేయస్ ఒక ఓవర్ స్పిన్నర్ సునీల్ నరైన్ యాక్షన్లో బంతి వేశాడు, వీడియో వైరల్ అయింది. ముంబై చిత్తుగా ఓడిందన్న సంగతి ఆ వీడియో కింద ఎక్కడో ఉంది. ఓడినందుకు ముంబైలో ఎవరికీ ఆ రాత్రి నిద్ర పట్టకుండా పోలేదు. ఇంక మ్యాజిక్ ఎవరికోసం రావాలి?

ఆ ఏడాది ఫైనల్‌కి వచ్చిందెవరంటే ఛత్తీస్‌గఢ్. 2000లో రాష్ట్రంగా పుట్టి, 2016లో మొదటిసారి రంజీ ఆడిన జట్టు. ఎదురుగా హైదరాబాద్. అంతకు రెండు సీజన్ల కిందట రంజీలో అడుగున పడి ప్లేట్ గ్రూపుకి జారి, అక్కడ గెలిచి, పైకి పాకి వచ్చిన మన హైదరాబాద్. సెప్టెంబరులో నత్తంలో 243 పరుగుల తేడాతో గెలిచి కప్పు ఎత్తింది. ఒక తెలుగాయన పేరు మీద ఉన్న కప్పుని తమిళ గడ్డ మీద తెలుగు జట్టు గెలిచింది! మామూలుగా అయితే "మనవాడే" అని చెప్పుకోవడానికి మనకి ఇంత కూడా అక్కర్లేదు. అమెరికాలో ఎవరికైనా కౌన్సిలర్ పదవి వస్తే వాళ్ళమ్మమ్మ ఊరు వెతికి పట్టుకునే జాతి మనది. ఈ గెలుపుకి మాత్రం తోరణం కాదుగదా, మామిడాకు కూడా కట్టలేదు.

డబ్బు సంగతికి వద్దాం, ఎందుకంటే అన్నీ చివరికి అక్కడికే వస్తాయి. ఆ ఏడాది విజేతకి మూడు లక్షలని ప్రకటించారు. జట్టు మొత్తానికి. పదిహేనుమంది పంచుకుంటే తలకి ఇరవై వేలు. అదే సెప్టెంబరులో బోర్డు ఇంకో ప్రకటన చేసింది: ఐపీఎల్‌లో ఆడే ప్రతి ఆటగాడికీ ఒక్కో మ్యాచ్‌కి ఏడున్నర లక్షల ఫీజు. అంటే ఒక కుర్రాడు ఐపీఎల్‌లో ఒక సాయంత్రం తుది జట్టులో ఉండి, లాంగాన్లో నిలబడి, బంతి తన వైపు రాకుండానే ఇంటికెళ్ళినా, నాలుగు రోజుల మ్యాచ్‌లు గెలుస్తూ వచ్చిన బుచ్చిబాబు విజేత జట్టుకన్నా రెండున్నర రెట్లు ఎక్కువ పట్టుకెళ్తాడు. ఆ తర్వాత వేదిక మీద ఎవరో పెద్దమనిషి మైకు తీసుకుని, "ఈ తరం కుర్రాళ్ళకి రెడ్ బాల్ మీద గౌరవం లేదు" అంటాడు. గౌరవం ఉంది సార్, మీరు దానికి కట్టిన వెల ఇరవై వేలు.

ఇంగ్లండువాళ్ళదీ ఇదే లెక్క, పౌండ్లలో. ఎఫ్.ఎ. కప్పు ఫైనల్ గెలిస్తే సుమారు ఇరవై లక్షల పౌండ్లు, ప్రీమియర్ లీగులో అట్టడుగున ముగించినా పదికోట్ల పౌండ్ల పైమాట. 1999-2000లో మాంచెస్టర్ యునైటెడ్, పైగా కప్పు చేతిలో ఉన్న జట్టు, బ్రెజిల్‌లో కొత్త ప్రపంచ పోటీ ఆడాలని ఎఫ్.ఎ. కప్పునే ఎగ్గొట్టింది. రీప్లేల సంగతి ఇంకా ఘోరం. 2005లో ఎక్సెటర్ అనే చిన్న క్లబ్బు, అప్పుల్లో మునిగి లీగు బయట పడి ఉన్న క్లబ్బు, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్‌ని గోలు లేకుండా నిలబెట్టి రీప్లే సంపాదించింది. ఆ రెండు మ్యాచ్‌ల గేటు డబ్బే ఆ క్లబ్బుకి ఊపిరి. ఇప్పుడా అవకాశమే లేదు. పెద్ద క్లబ్బులు అలసిపోతున్నాయట. అలసటకి మందుగా అవే క్లబ్బులు వేసవిలో ఖండాంతరాలు తిరిగి ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడి వస్తాయి.

మనకి బోర్డు కనిపెట్టిన మందు వేరు: నిర్బంధ భక్తి. 2025 జనవరిలో, ఆస్ట్రేలియాలో ఓడి వచ్చాక, పెద్దవాళ్ళందరూ దేశవాళీ ఆడాలని హుకుం. కోహ్లీ ఢిల్లీకి రంజీ ఆడాడు. వేలమంది వచ్చారు. రంజీకి జనం! పాత రోజులు వచ్చేశాయని మనబోటి కాలమిస్టులు కలాలు సవరించుకున్నాం. రైల్వేస్ బౌలర్ హిమాంశు సాంగ్వాన్ ఆరు పరుగుల దగ్గర ఆఫ్ స్టంప్ ఎగరగొట్టాడు. గ్యాలరీ ఖాళీ అయింది. నిజానికి కప్పు మ్యాజిక్ అంటే జరగాల్సింది సరిగ్గా అదే, పేరులేని బౌలర్ పేరున్నవాడి వికెట్ ఎగరగొట్టడం. జనం దాన్ని ప్రోగ్రాం రద్దయిందన్న ప్రకటనగా తీసుకున్నారు.

వేళచ్చేరిలో మాత్రం ఏం తక్కువ? పేరున్న బ్యాటర్ క్రీజులో ఉన్నంతసేపూ బౌండరీ తాడు వెంట ఫోన్లు లేచి ఉంటాయి. అవుటయ్యాడా, ట్రైపాడ్లు మడతపడతాయి, బైకులు స్టార్ట్ అవుతాయి. తర్వాత మిగిలేది స్కోరరు, ఎవరో ఆటగాడి నాన్నగారు, ఫ్లాస్కులో కాఫీ, బంతి తాడు దాటితే తెచ్చిచ్చే కాలేజీ కుర్రాడు. నాన్నగారు ఒక్కరే ప్రతి బంతీ చూస్తారు.

హైదరాబాద్ వాళ్ళు నవ్వక్కర్లేదు. వాళ్ళ ఊరి మొయినుద్దౌలా గోల్డ్ కప్ పేరు చెబితే 1930లో విజయనగరం రాజకుమారుడు విజ్జీ తీసుకొచ్చిన ఇంగ్లండు బ్యాటర్లు హాబ్స్, సట్‌క్లిఫ్ గుర్తొస్తారు, 1934లో ఆడిన వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ గుర్తొస్తాడు. ఆ కప్పుని కిందటేడాది ఎవరు గెలిచారో చెప్పమంటే ఫోన్ తీస్తారు.

ఇందాక పెద్ద క్లబ్బుల అలసట గురించి చెప్పుకున్నాం. పాత బుచ్చిబాబు గారింట్లో ఆ మాట చెల్లేది కాదు. ఆయన కొడుకు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1936లో నలభై ఏళ్ళ వయసులో మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. ఇప్పుడైతే ఆయన్ని వర్క్‌లోడ్ మేనేజ్‌మెంట్ కింద బెంగళూరులోని బోర్డు అకాడమీకి పంపి, మోకాలు స్కాన్ చేయించి, ఇంటికి పంపేవాళ్ళు.

సంఘం పెద్దలకి నాదో చిన్న విన్నపం, పైసా ఖర్చు లేనిది. ఇంకా వెండి కప్పులూ, స్మారక సంచికలూ, ప్రారంభ వేదిక మీద శాలువాలూ వద్దు. గ్రూపు దశలో అడుగున ముగించిన జట్టుకి మరుసటి ఏడాది ఆహ్వానం ఉండకూడదు, ఆ జట్టు పేరు ముంబై అయినా సరే. ఇక ప్రతి మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో వెనకబడిన జట్టు ఆ తర్వాత రోజుల భోజనాలు పెవిలియన్లో చేయకూడదు. బయట నిద్రగన్నేరు చెట్టు కింద, చాప మీద, 1908కి ముందు మనవాళ్ళు తిన్నట్టే తినాలి. పెద్ద కాంట్రాక్టున్న బ్యాటర్ ఒకడు అరిటాకులో సాంబారన్నం కలుపుకుంటూ, పెవిలియన్లో ఛత్తీస్‌గఢ్ కుర్రాళ్ళు ఫ్యాను కింద పాయసం తాగుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఆ ఫోటో కోసమైనా ట్రైపాడ్లు ఆఖరి రోజు దాకా మడతపడవు.