యాడిదాకా వచ్చింది?

కొత్తకోట బస్టాండులో గోడ మీద నల్లరంగు పూసి, తెల్లరంగుతో రాసిన బస్సు వేళల బోర్డును నేను. వనపర్తి, పెబ్బేరు, ఆత్మకూరు, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాదు అని వరసగా రాసుకుంటూ వచ్చిన పెయింటరు, చివర్లో చోటు చాలక గద్వాలను ఓ మూల ఇరికించి పోయాడు. అప్పుడీ ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఏడో నంబరు జాతీయ రహదారి మీద ఉండేది. తర్వాత రహదారి నంబరు 44 అయింది. 2016 అక్టోబరులో జిల్లా వనపర్తి అయింది. నా అక్షరాలు అవే.

నేను చెప్పేది బస్సు ఎప్పుడు రావాలో. ఎక్కడుందో చెప్తానని ఎవరికీ మాటివ్వలేదు. హైదరాబాదులో బయల్దేరిన బండి ఆరాంఘర్ దగ్గరే ట్రాఫిక్‌లో చిక్కుకుంటే గోడకెట్లా తెలుస్తుంది? అందుకే జనం నన్ను చూసినా ఊరుకునేవాళ్ళు కాదు, పక్కనున్నవాళ్ళను అడిగేవాళ్ళు. "పెబ్బేరు బస్సు పోయెనా అక్కా?" "ఇంకా రాలే నాయినా, కూసో." ఆ కూర్చున్న కాసేపట్లో ఏ ఊరు, ఎవరి పిల్లలు, పల్లీలు క్వింటాలుకు ఎంత పలికినయి, అన్నీ తేలిపోయేవి. నా కింద సంబంధాలు కూడా కుదిరాయి. పట్టికలో అది రాయలేదు గానీ.

2023 ఆగస్టులో ఆర్టీసీ 'గమ్యం' యాప్ తెచ్చింది. బస్సులో ఉన్న జీపీఎస్ పరికరం ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో తెలుసుకుని, సెల్ నెట్‌వర్క్ మీదుగా ఆ కబురు పంపుతూ ఉంటుంది. దాన్నిబట్టి ఇంకెంతసేపట్లో వస్తుందో ఫోను చెప్తుంది. మొదట్లో అన్ని బస్సులకూ ఆ పరికరం లేదు. ఇక మదనాపురంలోని వనపర్తి రోడ్ స్టేషన్లో తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళకు అంతకుముందే 'వేర్ ఈజ్ మై ట్రైన్' అలవాటైంది. బెంగళూరు కుర్రాళ్ళు చేసిన ఆ యాప్‌ను 2018లో గూగుల్ కొనుక్కుంది. ఇంటర్నెట్ లేకపోయినా, దారిలోని సెల్ టవర్ల ఆనవాళ్ళతోనే రైలు ఎక్కడుందో పట్టుకుంటుంది. ఆ తెలివికి ముచ్చటపడ్డాను.

'గమ్యం' వచ్చినప్పటినుంచి నా ముందు జనం నడత మారింది. డిగ్రీ పిల్లలు అరగంట ముందొచ్చి బెంచీ పట్టడం మానేశారు. బస్సు అడ్డాకుల దాటిందని ఫోన్లో చూశాకే ఇంట్లోంచి కదులుతున్నారు. ఫోను లేని పెద్దమ్మలు నా వైపు తలెత్తకుండా, చేతిలో ఫోనున్న పిల్లనే అడుగుతారు: "యాడిదాకా వచ్చింది బిడ్డా?" ఆ ఒక్క ఫోను పదిమందికి బోర్డు.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆ తర్వాత ఓ తమాషా చూస్తున్నాను. బస్సు ఇంకో ఇరవై నిమిషాలుందని ఫోను చెప్పగానే మగవాళ్ళు లేచి షేర్ ఆటో ఎక్కుతారు. ఆడవాళ్ళలో చాలామంది కూర్చునే ఉంటారు. ఆటోకు డబ్బులివ్వాలి, బస్సులో జీరో టికెట్. అందరికీ తెలిసింది ఒకటే, అందరూ చేసేది ఒకటి కాదు. పైగా ఫోన్లోని చుక్క బస్సు వస్తోందని చెప్తుంది గానీ, ఎక్కితే కాలు పెట్టే సందుంటుందో లేదో చెప్పదు.

ఓ లెక్చరరు బస్సు కోసం నిలబడి, అమెరికాలోని సియాటిల్ సంగతి పిల్లలకు చెప్తుంటే విన్నాను. అక్కడి 'వన్ బస్ అవే' యాప్ మీద 2011లో వెలువడిన పరిశోధన అది. బస్సు జాడ తెలియనివాళ్ళకు నిరీక్షణ గడియారం చూపినదానికంటే ఎక్కువగా తోచిందట. తెలిసినవాళ్ళకు అట్లా తోచలేదు, నిజంగా నిలబడ్డ సమయం కూడా రెండు నిమిషాల దాకా తగ్గిందట. రెండు నిమిషాలా! ఆత్మకూరు బస్సు తప్పితే మళ్ళీ బస్సు కోసం ఎంతసేపు కూర్చోవాలో వాళ్ళకేం తెలుసు? ఇక్కడ ఫోను చేసే అసలు మేలు నిమిషాలు కోయడం కాదు. ఇవాళ పోవాలా, పని రేపటికి వాయిదా వేయాలా అన్నది ఇంటి గడప దగ్గరే తేల్చిపెట్టడం.

వానకాలం వస్తే ఆ చుక్కకూ కష్టమే. 1959లో పూర్తయిన సరళాసాగర్ జలాశయం నిండిందంటే మనిషి చెయ్యి పడకుండానే సైఫన్లు తెరుచుకుంటాయి. నీళ్ళు ఊకచెట్టు వాగులో పడి మదనాపురం కాజ్‌వే మీదికెక్కుతాయి. ఆత్మకూరు రాకపోకలు బంద్. ఫోన్లో చుక్క అక్కడే నిలబడి ఉంటుంది. టైరు పంక్చరా, రైల్వే గేటా, వాగా? కండక్టరుకు ఫోను చేసిన ఆటో డ్రైవరు అరిచి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. చెప్పాక అతనే చుట్టుదారి కిరాయి మాట్లాడుకుంటాడు.

నన్నిక చెరిపేస్తారనుకున్నాను, చెరపలేదు. ఇంకా బయల్దేరని బస్సుకు చుక్క ఉండదు కదా. తెల్లవారి మొదటి బస్సు అందుకోవాల్సినవాళ్ళు ముందురోజు సాయంత్రమే వచ్చి నన్ను ఫోటో తీసుకుని వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. నిన్న ఒకాయన మూలనున్న గద్వాల వరసను ఫోన్లో పెద్దది చేసి చూసి, "ఇది ఐదా, ఆరా?" అని పక్కాయన్ను అడిగాడు. ఆయన ఆరన్నాడు.

ఐదు. రంగు కారి కింద మూసుకుపోయింది, అంతే.