తాగండి, తళతళలాడండి!

పెళ్లిళ్ల సీజన్‌తో పాటే కొల్లాజెన్ సీజన్ కూడా దిగింది. పెళ్లికూతురికి ముందస్తు ‘గ్లో ప్యాకేజీ’ అట. గంటగంటకూ గీత గీసిన నీళ్ల సీసా, బీట్‌రూట్ రసం, ఓ పొడి డబ్బా. వీటిని చూసీ చూసీ నాకు ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయి.

ఆ డబ్బా సంగతి వదలబుద్ధి కావడం లేదు. ‘మెరైన్ కొల్లాజెన్’ అని రాసి నీలం రంగు అల బొమ్మ వేస్తారు. లోపలున్నది అల కాదు తల్లీ, చేప తోలూ పొలుసులూ! మార్కెట్లో చేపలు కోసేవాళ్లు పక్కకు ఊడ్చేసే సరుకు. పక్కింట్లో చేపల పులుసు కాగితే ఇటు అగరొత్తులు ముట్టించే ఇళ్లలో కూడా ఇప్పుడు పరగడుపున ఇదే తీర్థం.

పుచ్చుకుంటే ఏమవుతుంది? కొల్లాజెన్ ఒక ప్రొటీన్. పొట్టలో పడ్డాక పప్పులోని ప్రొటీన్‌కు పట్టే గతే దీనికీ పడుతుంది. ముక్కముక్కలై, అమైనో ఆమ్లాలై నెత్తురులో కలుస్తుంది. అక్కణ్నుంచి సరాసరి బుగ్గల్లోకే పొమ్మని దానికి ఎవరు చెప్తారు? బట్టతలాయన సవరం నమిలితే జుట్టు మొలుస్తుందా? 2025లో కొల్లాజెన్ మీద జరిగిన 23 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే తేలిందేమంటే, కంపెనీల సొమ్ముతో జరిగినవాటిలో చర్మం మెరిసింది, ఆ సొమ్ము అందనివాటిలో మెరవలేదు. డబ్బు ముట్టినచోట మెరుపు రావడం మనకు కొత్తేమీ కాదులెండి.

ఇది చాలనట్టు ‘వేగన్ కొల్లాజెన్’ ఒకటి. మొక్కల్లో కొల్లాజెన్ ఉండనే ఉండదు! ఒళ్లు తన కొల్లాజెన్ తాను తయారుచేసుకోవడానికి విటమిన్ సి కావాలి. అది జామకాయలో దండిగా ఉంది. తోపుడుబండి మీద ఉప్పూకారం అద్ది మరీ ఇస్తారు.

నీళ్ల సీసా గురించి ఒక్క ముక్క: అవసరానికి మించి తాగిన నీళ్లు బుగ్గల్లోకి కాదు, బాత్రూమ్‌లోకి పోతాయి.

తిండికీ చర్మానికీ సంబంధం లేదని నేననను. ఉంది, ఘోరంగా ఉంది. 1960ల్లో హైదరాబాద్‌లో డాక్టర్ సి. గోపాలన్ బృందం పెల్లాగ్రా మీద పరిశోధన చేసింది. జొన్నకూడు తప్ప మరొకటి దొరకని పేదలకు వచ్చిన జబ్బది. ఎండ తగిలే మెడ, చేతుల మీద తోలు నల్లబడి పొలుసులు లేచేది. ఇప్పుడు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లకు రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ముఖాలు పాలిపోక ఏమవుతాయి? వాళ్లకు ఏ ఇన్‌ఫ్లుయెన్సరూ ప్యాకేజీ చెప్పడు. కొనలేరు కనక.

మెరుపు కోసం రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమంటున్నారే, ఆ మాట పెళ్లిపట్టు చీరలు మడత విప్పి చూపించే అమ్మాయికి చెప్పండి చూద్దాం. పొద్దుననగా నిలబడితే రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉంటుంది. దాహమైనా గుక్కెడు నీళ్లు తాగదు. తాగితే పోవడానికి చోటుండదు, చోటుంటే సూపర్‌వైజర్ పోనివ్వడు. అమ్మకాల మనుషులకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కూర్చోవడానికే చట్టం కావలసి వచ్చిందంటే సిగ్గుండాలి మనకు.

ఈ సీజన్‌లో చీరల షాపుకు వెళ్తే బిల్లు కట్టేముందు కౌంటర్‌లో గట్టిగా అడగండి: ‘మీ దగ్గర పనిచేసే ఆడపిల్లలకు బాత్రూమ్ ఎక్కడుందండీ?’