షేప్ వన్ మహాత్మ్యం

పొద్దున్నే విజిల్ ఊది, వరసలో నిలబెట్టి, తలలు లెక్కపెట్టి, ఆ లెక్కనే ‘ఫిట్‌నెస్ సదుపాయాల వినియోగం’ పద్దులో రాసుకునే అదృష్టం సాయుధ బలగాలకే దక్కింది. రానివాడికి శిక్ష ఉన్నచోట హాజరు నూటికి నూరు కాక ఎంతవుతుంది? ఆ లెక్కన జైలు భోజనానికీ ఆదరణ బ్రహ్మాండమే.

చాంద్రాయణగుట్టలో సీఆర్‌పీఎఫ్ గ్రూప్ సెంటర్ ఉంది. ఆ బలగంలో కానిస్టేబుల్‌గా చేరాలంటే కుర్రాడు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి. చేరాక ఏటా వైద్య పరీక్ష, దానికి ‘షేప్’ అని పేరు. మనసు, వినికిడి, కాళ్లూ చేతులూ, ఒంటి సత్తువ, కంటిచూపు, ఈ ఐదూ బాగుంటే షేప్ వన్. షేప్ వన్ కాకపోతే ప్రమోషన్ ఆగుతుంది. ఇక్కడే ఉంది తమాషా అంతా.

మోకాలు పట్టేసిన హవల్దారు ఫిజియోథెరపీకి ఎందుకు వెళ్తాడు? వెళ్తే నొప్పి తగ్గచ్చు గానీ, అది కాస్తా రికార్డుకెక్కుతుంది. కాగితం మీద లేని నొప్పి నొప్పే కాదు. అందుకని బయట మందుల షాపులో మాత్ర కొనుక్కుంటాడు, జిందా తిలిస్మాత్ రుద్దుకుంటాడు, పరీక్ష నాడు పళ్ల బిగువున నవ్వుతూ గుంజీళ్లు తీస్తాడు. డాక్టరుగారు షేప్ వన్ రాస్తారు. ఇద్దరికీ ఆరోగ్యం.

మనసు సంగతి మరీ ఘోరం. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటే చేతిలో తుపాకీ తీసేసుకుంటారని భయం, బ్యారక్‌లో గుసగుసలంటే ఇంకా భయం. కాబట్టి కౌన్సెలింగ్ గది ఖాళీ. ఖాళీగా ఉందంటే జవాన్లు హాయిగా ఉన్నట్టేనని నివేదిక రాసేవారి తర్కం. కేంద్ర సాయుధ బలగాల్లో ఐదేళ్లలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2024 డిసెంబరులో ప్రభుత్వమే రాజ్యసభకు చెప్పింది. ఆ హాయిని ఏ పద్దులో రాశారో!

అమెరికా సైన్యం 2020లో సిపాయిల ఫిట్‌నెస్‌కు కొత్త పద్ధతి తెచ్చింది. వ్యాయామంతో పాటు తిండికీ, మనసుకీ, ఆధ్యాత్మికతకీ, చివరికి నిద్రకీ అందులో చోటుంది. మనవాళ్లూ తేవచ్చు. ‘నిద్ర ప్రాముఖ్యంపై ఉపన్యాసం, తెల్లవారుజామున నాలుగింటికి, హాజరు తప్పనిసరి’ అని మొదటి ఆర్డరు వస్తుంది.

గ్రూప్ సెంటర్‌కు దగ్గర్లోనే బార్కాస్. ఒకప్పుడు నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్‌లున్న చోటు, ఇప్పుడు పహిల్వాన్లకు పేరు పడ్డ బస్తీ. అక్కడ కుస్తీ నేర్చుకునే కుర్రాణ్ణి విజిల్ ఊది లేపేవాడు లేడు. భుజం బెణికితే నలుగురి ముందే ఉస్తాద్‌కు చూపించి సరిచేయించుకుంటాడు. రిజిస్టరు లేదు గనక ప్రభుత్వ భాషలో అక్కడ వినియోగం సున్నా. ఆ ఉస్తాద్ చేతికో రిజిస్టరిచ్చి, బెణికిన భుజాలన్నీ అందులో రాయమని, వాటిని చూసే పెళ్లి సంబంధాలు ఖాయం చేస్తామని ప్రకటించి చూడండి. మర్నాటి నుంచి బార్కాస్‌లో ఒక్కడికీ భుజం నొప్పి ఉండదు.