సలి కొనుక్కునే కాలమొచ్చింది

డిసెంబరు సొచ్చిందంటె మా తిరుమలగిరి పోరగాండ్లకు ఆదిలాబాద్ యాదికొస్తది. ఎందుకురా అంటె "సలి చూసొస్తం తాతా" అంటరు. సలిని చూసుడేంది? మా రోజుల్ల సలి అంటె తప్పించుకునేది. పొద్దుగూకంగనే గొంగడి కొప్పెర పెట్టుకొని కందికట్టె మంట కాడ కూసునేటోళ్లం. ఇప్పుడు దాని కోసం కారు కిరాయికి మాట్లాడి, హోటల్ రూముకు ముందుగాల్నే పైసలు కట్టి పోతున్నరు. పోయినంక ఆ రూముల వేడినీళ్లు వస్తలేవని మల్ల పంచాయితి!

మా కాలంల ఆదిలాబాద్ బదిలీ అంటె శిక్ష కిందనే లెక్క. ఆర్డర్ వచ్చినోని ఇంట్ల ఏడుపులు, ఆపించుకునేటందుకు లీడర్ల ఇండ్ల చుట్టు తిరుగుడు. అడివి, మలేరియా, సలి అని భయపెట్టేటోళ్లు. నేను బ్యాంకు నౌకరి మీద ఉట్నూరు పోయినోణ్ణే. జనగామల రైలెక్కి కాజీపేటల మారి, మంచిర్యాలల దిగి, జన్నారం మీదుగ బస్సు. ఇప్పుడు 44వ నంబరు హైవే మీద నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుడు తెలుస్తనే లేదు. రోడ్డు మంచిగయింది, దాన్ని నేను తిట్ట.

ఆ సలి కూడ ఉత్తగ రాదు. సముద్రం దూరం. ఉత్తరం దిక్కుకెంచి పొడిగాలి నేరుగ దిగుతది. మబ్బు లేని రాత్రి నేలల వేడంత పైకి పోతది. మన దిక్కు 15 డిగ్రీలకే వణుకుతం, ఆడ గిన్నెధరి, సిర్పూర్-యు దిక్కు 5, 6 దాక పడుతది.

మరి పోయి ఏం చేస్తరు? ఘాట్ మీద నోట్లకెంచి పొగ ఇడ్సుకుంట ఫోటో. కుంటాల జలపాతం కాడ ఇంకో ఫోటో. కడెం వాగు ఆడ 45 మీటర్ల ఎత్తుకెంచి దుంకుతది. ఆ నీటి సప్పుడు వినాలె గని, అంచు మీద నిలబడి ఫోను సాపుడేంది? ఆ గుండంల ఎంతమంది పానాలు పోయినయో ఊరోళ్లను అడిగితె చెప్తరు. తెల్లారి కవ్వాల్ అడివిల జీపు తిరుగుడు, పులి కనవడలేదని అలుగుడు. పులి మీ కోసం పొద్దుగాల ఆరింటికి హాజరేస్తదా? మా మనుమడైతె డిసెంబర్ల పోయి గోండుల గుస్సాడి ఆట యాడ అని అడిగిండట. అది దీపావళికి వచ్చే దండారి పండుగల ఆడేది. మార్లవాయి కనకరాజుకు 2021ల పద్మశ్రీ వచ్చినంక గని మనోళ్లకు ఆ ఆట ఒకటున్నదని తెల్వలే.

నా అసలు కోపం ఇది కాదు. ఆ దిక్కు సలికాలంల చూడాల్సింది కేస్లాపూర్ల గోండులు నాగదేవునికి చేసే నాగోబా జాతర. పుష్య అమావాస్య నాడు అర్ధరాత్రి పూజ. దానికి ముందు మెస్రం వంశపోళ్లు తెల్లబట్టలు కట్టుకొని, కాళ్లకు చెప్పుల్లేకుంట, హస్తిన మడుగు దాక నడిసి గోదావరి నీళ్లు తెస్తరు. వచ్చి మర్రిచెట్ల కింద దిగుతరు. ఎంతమంది వచ్చినా వంట 22 పొయ్యిల మీదనే. కొత్త కోడండ్లను దేవునికి చూపెట్టే భేటింగ్ ఉంటది. ఆడ జరిగే దర్బారుకు పెద్ద కథున్నది. 1940ల నిజాం సర్కారు మీద కొట్లాడి జోడేఘాట్ల కుమ్రం భీం పానమిచ్చినంక, గోండుల బాధేందో చూడుమని ఆ సర్కారే గిరిజనుల బతుకు మీద పరిశోధన చేసే హైమన్‌డార్ఫ్ దొరను తోలింది. అధికారులే జాతరకొచ్చి అర్జీలు తీసుకునే పద్ధతి ఆయన పెట్టించిందే.

మనోళ్లేమొ క్రిస్మస్ సెలవులకు ఉరుకుతరు, సంక్రాంతికి ఇల్లు చేరుతరు. జాతరకు సెలవు లేదంటరు. నడుమ ఇంద్రవెల్లి దాటుతరు గని, 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పులల్ల సచ్చిన గోండుల స్థూపం కాడ కారు ఆపరు. అక్కడి సలి కావాలె, అక్కడి మనిషి అక్కెర్లే.

ఈ యేడు పోయేటోళ్లకు చెప్తున్న. క్యాలెండర్ల పుష్య అమావాస్య ఎప్పుడో చూసుకొని పోండ్రి. కుంటాల కాడ రాళ్ల అంచుకు పోకుండ్రి. కేస్లాపూర్ల ఫోను పైకి లేపే ముందు అక్కడి పెద్దను ఒక మాట అడుగుండ్రి.