పాత మందే వాడండి: సటీకా తాత్పర్యం

మూలం: “వానాకాలం కదా, మామూలే. పాత మందే వాడండి.”

అవతారిక: ఒంటిమీద చీముపొక్కులు మూడోసారి లేచిన కుక్కను బల్లమీద నిలబెట్టగానే, దాని వైపు చూడకుండా వెలువడే వాక్యమిది. కర్త ఎవరో తేలదు. ఆసుపత్రి చీటీలోనూ, మందుల దుకాణంలోనూ, ఒకప్పుడు లాబ్రడార్‌ను పెంచిన పొరుగాయన నోటా ఒకే తీరుగా వినబడుతుంది కనుక అపౌరుషేయమని గ్రహించాలి. “ఎండాకాలం కదా” అని పాఠాంతరం. “ఆ జాతే అంత” అని మరొకటి. అర్థభేదం లేదు.

ప్రతిపదార్థం సుగమం.

విశేషం: “మామూలే” అన్నచోట సరమ వృత్తాంతం స్మరణీయం. జనమేజయుడు సత్రయాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు సారమేయుడు వెళ్ళాడు. రాజు తమ్ముళ్ళు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వాణ్ణి కొట్టారు. ఏడుస్తూ వచ్చిన పిల్లను సంస్కృత భారతంలో తల్లి వెంటనే వెనకేసుకు రాదు. నువ్వేదో తప్పు చేసే ఉంటావంటుంది. హవిస్సును చూడలేదు, నాకలేదు అని పిల్ల సమాధానం. హేతువిచారణ ముందు, శాపం తరువాత. అంతే మరి, పణులు దాచిన ఆవుల జాడ తీసిన దేవశుని ఈ సరమే; జాడ తీయడం ఆమె కులవిద్య. నన్నయ ఆమె చేత కారణం తెలియకుండా వచ్చిపడే భయాల గురించి హెచ్చరిక చేయించాడు. అది విన్న జనమేజయుడు ఊరుకోలేదు; తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి సోమశ్రవసుణ్ణి తెచ్చుకున్నాడు. పాత పురోహితుణ్ణే వాడండని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

ప్రకృతం. వాన కారణం కాదా అని పూర్వపక్షం. చెమ్మ వల్ల మలసీజియా అనే శిలీంధ్రం పెచ్చరిల్లే మాట నిజమే. కాని అదే వాన వీధి కుక్కలన్నిటి మీదా కురుస్తుంది. అన్నిటికీ పొక్కులు లేవవు.

సిద్ధాంతం: చీముకు సాధారణ హేతువు స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే సూక్ష్మజీవి. 2005లో దానికి ఈ పేరు వచ్చింది. అది బయటి నుంచి దండెత్తి రానక్కరలేదు. ఆరోగ్యమైన కుక్క నోట్లో, ముక్కులో, మలద్వారం చుట్టూ ఉండనే ఉంటుంది. దానికి సందిచ్చేది వేరొకటి: ఫ్లీ పురుగుల కాటు పడకపోవడం, డెమోడెక్స్ పురుగు, అటోపీ అనే పరిసరాల అలర్జీ, ఆహారపు అలర్జీ, థైరాయిడ్ లోపం, కుషింగ్స్ వ్యాధి. వీటిలో ఏదో తేల్చకుండా చీమును మాత్రమే మాన్పితే చీము మళ్ళీ వస్తుంది. తిరగబెట్టిన ప్రతిసారీ అదే యాంటీబయాటిక్ ఇవ్వడం వల్ల మెథిసిలిన్‌కు లొంగని రకాలు మిగిలి బలపడతాయి. స్టెరాయిడ్ సూది సంగతి మరీ ఘోరం. సాయంత్రానికి గోకుడు తగ్గుతుంది, యజమాని దణ్ణం పెడతాడు, ఎందుకు గోక్కుంటోందన్న ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. గాజు పలకను పొక్కుకు అద్ది, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూడటానికి కొద్ది నిమిషాలు చాలు. చీటీ రాయడానికి తీరిక ఉన్నవారికి ఆ కొద్ది నిమిషాలే దొరకవు!

ప్రయోగం: పలక మీద గుండ్రటి క్రిములో, శిలీంధ్రమో చూడాలి; చర్మం గీకి డెమోడెక్స్ ఉందో లేదో చూడాలి. సరైన మందుకూ లొంగకపోతే కల్చర్ చేయించి, ఏ మందు పనిచేస్తుందో తేల్చుకోవాలి. పైపై పొక్కులకు చాలాసార్లు మాత్రలే అక్కరలేదు. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూతో వారానికి రెండు మూడు స్నానాలు చాలు, నురుగును గడియారం చూసి 10 నిమిషాలు ఉంచగలిగితే. రెండో నిమిషానికే కుక్క విదిలించుకుని, సోఫా ఎక్కి, ఇల్లంతా క్రిమిరహితం చేస్తుందన్నది శాస్త్రంలో లేని విశేషం. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం నిషిద్ధం. కుక్క దాన్ని నాకుతుంది.

ఫ్లీ మందు ఏడాది పొడుగునా ఇవ్వాలి. ఆహారపు అలర్జీ అనుమానముంటే కనీసం 8 వారాలు వైద్యుడు చెప్పిన ఒక్క తిండే పెట్టాలి. అన్నం బల్ల కింద నుంచి తాతగారు అందించే కోడిముక్కతో ఆ వ్రతం భంగమై, లెక్క మొదటికొస్తుంది. అటోపీ అని తేలితే దురదను అదుపులో పెట్టే చికిత్స జీవితాంతం నడుస్తుంది. పొక్కులు మానాక కూడా మందు స్నానాలు, అంతకన్నా తక్కువసార్లే అయినా, ఆగవు.